పాత పెళ్లి క్యాసెట్‌ని చెడగొట్టకుండా ఫైల్ చేసుకోవడం: క్యాప్చర్ నుంచి టీవీలో ఆడేదాకా

మా పెద్దక్క పెళ్లి 1994లో అయింది. మూడు గంటల వీహెచ్‌ఎస్ క్యాసెట్. 2009 ప్రాంతంలో మా ఊళ్లో ఒక స్టూడియో వాళ్లకిచ్చి డీవీడీ చేయించాం. ఇంటికొచ్చి వేసుకుని చూస్తే తలంబ్రాల దగ్గర బియ్యం గింజలే లేవు, బావ చేతుల్లోంచి పసుపు పొగ లేస్తున్నట్టుంది, పైగా చేయి కదిలినప్పుడల్లా అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతున్నాయి. క్యాసెట్ పాతబడిపోయిందిలే అని సరిపెట్టుకున్నాం. పోయినేడాది అటక సర్దుతుంటే అదే క్యాసెట్ దొరికింది, పాత వీసీఆర్ ఒకటి బాగుచేయించి నేనే కంప్యూటర్‌లోకి ఎక్కించాను. గింజలు కనపడ్డాయి! విడివిడిగా, ఒక్కోటి గాల్లో ఎగురుతూ. టేపులో దోషమేమీ లేదు, దాన్ని అంకెలుగా మార్చిన తీరులోనే ఉంది దోషం.

ఆ తీరు ఏంటో వరసగా చెప్తాను. ఈ పనిలో రెండు దశలున్నాయి, చాలామంది వాటిని కలిపేస్తారు. ఒకటి క్యాప్చర్, అంటే టేపులోంచి వచ్చే సిగ్నల్‌ని ఉన్నదున్నట్టు అంకెలుగా రాసుకోవడం. రెండోది ఎన్‌కోడింగ్, అంటే ఆ అంకెల్ని కుదించి చిన్న ఫైల్ చేయడం. రెండూ ఒకేసారి కానిచ్చేద్దాం అనుకుంటేనే గింజలు పోతాయి. ముందు పూర్తిగా తీసుకోండి, తర్వాత తీరిగ్గా, ఒకే ఒక్కసారి కుదించండి.

టేపు, వీసీఆర్, తీగలు

క్యాసెట్ చేతిలోకి తీసుకోగానే ముందు వెనక అంచున చిన్న ప్లాస్టిక్ రెక్క ఉందేమో చూడండి, ఉంటే స్క్రూడ్రైవర్‌తో విరిచేయండి. అది పోతే వీసీఆర్ దాని మీద రికార్డు చేయదు. పొరపాటున ఎర్ర బటన్ నొక్కి పెళ్లి మీద టీవీ సీరియల్ ఎక్కించుకున్న ఇళ్లు నాకు తెలుసు.

తర్వాత క్యాసెట్ మీదున్న చిన్న కిటికీలోంచి టేపు చుట్టని వెలుతురులో చూడండి. తెల్లగా బూజు పట్టి ఉంటే వీసీఆర్‌లో పెట్టకండి, ఆ బూజు హెడ్‌లకి, అంటే టేపుని చదివే భాగాలకి అంటుకుని తర్వాత వేసే ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. కోస్తా ఊళ్లలో బీరువా అడుగున పెట్టినవాటికి ఇది మామూలే. అలాంటి వాటిని శుభ్రం చేయడం తెలిసినవాళ్లకి ఇవ్వడమే మేలు. బూజు లేకపోతే ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ మొదటికి రివైండ్ చేయండి. ఏళ్ల తరబడి ఒకేచోట బిగుసుకున్న చుట్ట సర్దుకుంటుంది.

కొత్త వీసీఆర్ కోసం వెతక్కండి, ప్రపంచంలో చివరిగా వీటిని తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016లో ఆపేసింది. బంధువుల ఇళ్లలో అడగండి, పాత టీవీ మెకానిక్‌ల దగ్గర దొరుకుతుంది. ఎస్-వీడియో సాకెట్ ఉన్నది దొరికితే మీ అదృష్టం. వీహెచ్‌ఎస్ టేపు మీద వెలుతురు సమాచారం, రంగు సమాచారం వేర్వేరుగా ఉంటాయి. బొమ్మ కోసం మామూలుగా పెట్టే పసుపు తీగలో రెండిటినీ కలిపేసి పంపితే క్యాప్చర్ పరికరం మళ్లీ విడదీయాలి, ఆ విడదీతలో పట్టుచీర జరీ మీద లేనిపోని రంగులు పాకుతాయి. ఎస్-వీడియోలో ఆ కలపడమే ఉండదు. లేకపోతే పసుపు తీగతోనే కానివ్వండి, ఏం మునిగిపోదు.

క్యాప్చర్ పరికరం గురించి కొంచెం జాగ్రత్త. ఐదారు వందలకి దొరికే యూఎస్‌బీ ముక్కల్లో కొన్ని బానే పనిచేస్తాయి, కొన్ని మాత్రం కెమెరా ఫ్లాష్ వెలిగినప్పుడల్లా బొమ్మ మొత్తాన్ని చీకటి చేసి మళ్లీ తేరుకుంటాయి. పెళ్లిలో ఎన్ని ఫ్లాష్‌లు వెలుగుతాయో మీకు తెలుసు కదా! కొనేముందు ఎవరిదగ్గరైనా అడిగి తెచ్చి పరీక్షించండి. ఇంకోటి, మూడు రంగుల తీగలు ఇటు పెడితే అటు హెచ్‌డీఎంఐ వచ్చే చిన్న డబ్బాలు కొనకండి. అవి బొమ్మని లోపలే సాగదీసి, ఫ్రేములోని రెండు సగాలని (వీటినే ఫీల్డ్‌లంటారు, కింద చెప్తాను) వాటికి తోచినట్టు కలిపేసి పంపుతాయి, ఆ తర్వాత మీరు ఏం చేసినా వెనక్కి రాదు.

టేపు సాగి బొమ్మ పైభాగం జెండాలా వంగుతుంటే వీసీఆర్‌కీ క్యాప్చర్‌కీ మధ్య పాత డీవీడీ రికార్డర్ ఒకటి పెట్టి చూడండి. ప్లేయర్ కాదు, రికార్డర్. కొన్ని మోడళ్లు సిగ్నల్‌ని అటునుంచి ఇటు పంపేటప్పుడు ప్రతి గీతనీ మళ్లీ టైముకి సర్దుతాయి. అన్నీ చేయవు గానీ, చేసేది దొరికితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

సిగ్నల్ ఎంత బరువో ఒక లెక్క

మన దేశంలో పాత టీవీ, వీసీఆర్‌లన్నీ పాల్ పద్ధతి. సెకనుకి 25 ఫ్రేములు, ఫ్రేముకి 625 గీతలు, అందులో బొమ్మ ఉండేవి 576. డిజిటల్ చేసేటప్పుడు ఒక్కో గీత వెంబడి 720 చోట్ల వెలుతురు ఎంతుందో కొలిచి రాస్తారు. దీన్నే శాంప్లింగ్ అంటారు. 720ని 576తో గుణించి, పిక్సెల్‌కి రెండు బైట్లు చొప్పున, సెకనుకి 25 సార్లు వేసుకుంటే 2 కోట్ల 7 లక్షల బైట్లు. సెకనుకి! గంటకి దాదాపు 75 జీబీ. మూడు గంటల పెళ్లికి 224 జీబీ.

రెండు బైట్లే ఎందుకు, ఎరుపు ఆకుపచ్చ నీలం మూడుంటాయి కదా అంటారా. ఇక్కడ ఆ మూడూ రాయరు. వెలుతురు ప్రతి పిక్సెల్‌కీ రాస్తారు, రంగుని మాత్రం పక్కపక్కనున్న రెండు పిక్సెళ్లకీ కలిపి ఒక్కసారి. మన కంటికి వెలుతురులో తేడా తెలిసినంత నిక్కచ్చిగా రంగులో తేడా తెలియదు. అంటే కుదింపు ఇక్కడే, మనం ఎన్‌కోడర్ తెరవకముందే మొదలైపోయింది.

శబ్దం దీని ముందు చీమంత. వీడియోకి సెకనుకి 48,000 శాంపిళ్లు, ఒక్కోటి 16 బిట్లు, రెండు ఛానళ్లు. గంటకి 691 ఎంబీ. మనిషి చెవి వినగలిగే గరిష్ఠం 20,000 హెర్ట్జ్ అనుకుంటే దానికి రెట్టింపు కంటే కాస్త ఎక్కువసార్లు కొలిస్తే చాలు, అందుకే 48,000. సీడీల్లో 44,100 కూడా ఆ లెక్కే. పెళ్లి క్యాసెట్‌కి ఇంతకన్నా పెద్ద అంకె పెట్టుకుంటే డిస్కు నిండటం తప్ప ఒరిగేదేం లేదు.

క్యాప్చర్

విండోస్‌లో నేను వర్చువల్‌డబ్2 వాడతాను. ఉచితం, చూడ్డానికి పాతకాలం అట్టపెట్టెలా ఉంటుంది, పని మాత్రం పక్కా. ఫైల్ మెనూలో క్యాప్చర్ ఏవీఐ తెరిచి, డివైస్‌లో మీ పరికరం ఎంచుకోండి. వీడియో మెనూలో క్యాప్చర్ పిన్‌కి వెళ్లి 720 బై 576, వైయూవై2 (పైన చెప్పిన పిక్సెల్‌కి రెండు బైట్ల పద్ధతి), 25 ఫ్రేములు పెట్టండి. వీహెచ్‌ఎస్‌లో అంత వివరమే ఉండదు, అడ్డంగా ఓ 240 గీతల పాటి స్పష్టతే, మరి అంత సైజు ఎందుకని 360 బై 288కి తగ్గించేస్తారు కొందరు. అలా చేయకండి. ముఖ్యంగా ఆ 576ని ముట్టుకోకండి. ఎందుకో కింద దువ్వెన పళ్ల దగ్గర తెలుస్తుంది.

కంప్రెషన్‌లో హఫ్‌వైయూవీ గానీ లగరిత్ గానీ పెట్టండి. ఇవి జిప్ ఫైల్ లాంటివి, విప్పితే ఒక్క బిట్ కూడా తేడా లేకుండా అదే బొమ్మ వస్తుంది. 75 జీబీ సగానికి అటూ ఇటూ అవుతుంది. పాత క్యాసెట్‌లో నాయిస్, అంటే బొమ్మ మీద చీమల్లా మెదిలే చుక్కలు, ఎక్కువ కాబట్టి అంతకన్నా పెద్దగా తగ్గదు, ఆశపడకండి. ఒక టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కు ఉంటే హాయి.

ఇప్పుడు హిస్టోగ్రామ్, అంటే బొమ్మలో ఏ వెలుతురు ఎంతుందో చూపే గ్రాఫ్, ఆన్ చేసి లెవెల్స్ చూడండి. వెలుతురు విలువలు 16 నుంచి 235 మధ్య ఉండాలి, దాటితే అంచుల్లో ఎర్రగా చూపిస్తుంది. పెళ్లి వీడియోవాళ్లు హాలోజన్ లైటు మొహాల మీదకే కొట్టేవాళ్లు కాబట్టి పెళ్లికొడుకు తెల్లపంచె, పూలదండ దగ్గర ఈ గీత దాటడం ఖాయం. క్యాసెట్‌లో అన్నిటికన్నా వెలుతురుగా ఉన్న చోటికి వెళ్లి, అక్కడ ఆపకుండా ఆడిస్తూ, బ్రైట్‌నెస్ కాంట్రాస్ట్ తగ్గిస్తూ పంచె మడతలు కనపడేదాకా సర్దండి. ఇక్కడ కాలిపోయిన తెలుపుని తర్వాత ఏ ఫిల్టరూ తిరిగి తేలేదు.

శబ్దానికీ అదే నియమం. నాదస్వరం, డోలు గట్టిగా మోగుతున్న చోట మీటర్ మైనస్ 6 డీబీ దాటకుండా పెట్టుకోండి. శబ్దం వీడియో వచ్చిన పరికరంలోంచే తీసుకోండి, విడిగా ల్యాప్‌టాప్ మైక్ సాకెట్‌కి పెట్టకండి. రెండు పరికరాల గడియారాలు ఎప్పుడూ ఒక్కలా నడవవు. పదివేల సెకన్లకి ఒక్క సెకను తేడా ఉన్నా గంటకి 0.36 సెకను, మూడో గంట చివరికి సెకనుకి పైనే. పంతులుగారి పెదాలు ఒకటి చెప్తుంటే మంత్రం ఇంకోటి వినపడుతుంది. శబ్దమే రాకపోతే విండోస్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో మైక్రోఫోన్ అనుమతి ఆపి ఉందేమో చూడండి, క్యాప్చర్ పరికరాన్ని కూడా అది మైక్ కిందే లెక్కేస్తుంది. నాకు ఒక సాయంత్రం మొత్తం దీనికే పోయింది.

క్యాప్చర్ మొదలుపెట్టాక కుడిపక్క పట్టీలో రెండు అంకెలు గమనించండి: జారిపోయిన ఫ్రేములు, చొప్పించిన ఫ్రేములు. గంటకి ఒకటి రెండు పోతే పోనీ. పదులూ వందలూ పోతుంటే ఆపి, యాంటీవైరస్, అప్‌డేట్లు, వైఫై ఆపేసి, యూఎస్‌బీ హబ్ తీసి నేరుగా పెట్టి మళ్లీ మొదలెట్టండి. బొమ్మ కింద ఎనిమిదో పదో గీతలు చెదిరినట్టు కనపడతాయి. వీసీఆర్ ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కి మారే చోటు అది. పాత టీవీల్లో అంచు చాటున దాగేది, ఇప్పుడు బయటపడుతుంది. కంగారు పడకండి, తర్వాత కత్తిరించొచ్చు.

మూడు గంటల క్యాసెట్ ఎక్కడానికి మూడు గంటలూ పడుతుంది. దీనికి అడ్డదారి లేదు. భోజనాల సీన్ వచ్చినప్పుడు మీరూ భోంచేసి రండి.

దువ్వెన పళ్లు ఎక్కణ్నుంచి వస్తాయి

మా డీవీడీ నాశనమైంది ఇక్కడే కాబట్టి దీని మీద కాసేపు ఆగుతాను.

సెకనుకి 25 ఫ్రేములు అన్నాను గానీ, పాత వీడియో కెమెరా నిజానికి సెకనుకి 50 సార్లు చూసింది. ఒకసారి చూసినప్పుడు 1, 3, 5 ఇలా బేసి గీతలు రాసింది, సెకనులో యాభయ్యో వంతు తర్వాత మళ్లీ చూసి 2, 4, 6 సరి గీతలు రాసింది. ఒక్కో సగాన్ని ఫీల్డ్ అంటారు. రెండు ఫీల్డ్‌లు కలిపి అల్లితే ఒక ఫ్రేము. ఈ అల్లికనే ఇంటర్‌లేస్ అంటారు. పెళ్లికూతురు కదలకుండా కూర్చుంటే రెండు సగాలూ అతుకు తెలియకుండా కలిసిపోతాయి. తలంబ్రాలు పోస్తుంటే మాత్రం బేసి గీతల్లో ఉన్న చేయి సరి గీతలకొచ్చేసరికి రెండంగుళాలు పక్కకి జరిగిపోయి ఉంటుంది. దాన్ని అలాగే కంప్యూటర్ తెర మీద చూపిస్తే దువ్వెన. అప్పుడు నిలువుగా 576ని ఇంకో సైజుకి మార్చితే రెండు వేర్వేరు క్షణాల గీతలు ఒకదానిలో ఒకటి కలిసి ముద్దవుతాయి. క్యాప్చర్‌లో 576 ముట్టుకోవద్దన్నది ఇందుకే.

దీన్ని సరిచేయడాన్ని డీఇంటర్‌లేస్ అంటారు. సోమరి పద్ధతి ఏంటంటే ఒక సగాన్ని పారేసి, ఉన్న సగాన్నే రెండింతలు సాగదీయడం, లేదా రెండు సగాలనీ సగటు చేసి మసక చేయడం. మా తలంబ్రాలు పసుపు పొగ అయింది ఈ రెండో పద్ధతి వల్లే. సరైన పద్ధతి, ప్రతి ఫీల్డ్‌నీ ఒక పూర్తి ఫ్రేముగా నిలబెట్టడం. లేని గీతల్ని పైనా కిందా ఉన్న గీతలనీ, ముందూ వెనకా ఉన్న ఫీల్డ్‌లనీ చూసి పూరించడం. అప్పుడు 50 ఫీల్డ్‌లు 50 ఫ్రేములవుతాయి, కెమెరా చూసిన ప్రతి క్షణమూ మిగులుతుంది. దీనికి బాబ్ అని పేరు.

హ్యాండ్‌బ్రేక్‌లో ఎన్‌కోడింగ్

హ్యాండ్‌బ్రేక్ కూడా ఉచితమే. మీ ఏవీఐ ఫైల్ అందులోకి లాగి వదలండి. ప్రీసెట్లలో, అంటే ముందే అమర్చిపెట్టిన సెట్టింగుల్లో, ఫాస్ట్ 576పీ25 ఎంచుకుని అక్కణ్నుంచి మార్చుకుంటూ పోదాం.

ముందు డైమెన్షన్స్. హఫ్‌వైయూవీ ఏవీఐలో పిక్సెల్ ఆకారం గురించి ఏమీ రాసి ఉండదు, అందుకని హ్యాండ్‌బ్రేక్ ప్రతి పిక్సెల్ చదరం అనుకుని 720 బై 576 చూపిస్తుంది. పాల్‌లో పిక్సెల్ కొంచెం వెడల్పు, 16 కి 15. ఇది సరిచేయకపోతే పెళ్లికూతురు ఖర్చు లేకుండా సన్నబడిపోతుంది! అనమార్ఫిక్‌ని కస్టమ్ చేసి, పిక్సెల్ యాస్పెక్ట్ 16, 15 పెట్టండి. చూపించే సైజు 768 బై 576 అని వస్తే సరిగ్గా ఉన్నట్టు. కింద చెదిరిన గీతల్ని ఇక్కడే క్రాప్ చేయండి, అప్పుడు ఆ అంకె కొద్దిగా తగ్గుతుంది, ఫరవాలేదు. 1080కి పెంచకండి. లేని వివరం పెంచితే రాదు, టీవీ ఎలాగూ తనే సాగదీసుకుంటుంది.

ఫిల్టర్స్‌లో ఇంటర్‌లేస్ డిటెక్షన్ ఆఫ్ చేయండి, ఎందుకంటే మన వీడియో మొత్తం ఇంటర్‌లేసే, వెతకాల్సిన పని లేదు. డీఇంటర్‌లేస్‌లో బీడబ్ల్యూడిఫ్ ఉంటే అది, లేకపోతే యాడిఫ్, దాని ప్రీసెట్ బాబ్. ఇప్పుడు అందరూ మర్చిపోయేది: ఈ 576పీ25 ప్రీసెట్ వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేటుని 25కి కట్టేసి ఉంచుతుంది. మీరు ఇక్కడ బాబ్ పెట్టి 50 ఫ్రేములు పుట్టించినా అక్కడ సగం పారేస్తుంది. దాన్ని 50, కాన్‌స్టాంట్ అని మార్చండి. ఆడించినప్పుడు కదలికలు రెండడుగులు ముందుకి ఒకడుగు వెనక్కి వేస్తున్నట్టు వణికితే ఫీల్డ్‌ల వరస తిరగబడిందన్నమాట, కస్టమ్‌లో ప్యారిటీ మార్చి చూడండి.

డీనాయిజ్, అంటే ఆ నాయిస్‌ని తుడిచే ఫిల్టర్, వాడితే లైట్ స్థాయి దాటకండి. అంతకన్నా పెంచితే మొహాలు మైనం బొమ్మలవుతాయి, మా బామ్మ ముడతలన్నీ పోయి గుర్తుపట్టలేకుండా అయింది.

వీడియో ట్యాబ్‌లో ఎన్‌కోడర్ హెచ్.264, అంటే ఎక్స్264. గ్రాఫిక్స్ కార్డు ఎన్‌కోడర్లు కూడా వరసలో ఉంటాయి, పది రెట్లు వేగంగా అయిపోతుంటే చేయి అటే లాగుతుంది. ఒక్కసారే చేసే పనికి వేగం ఎందుకు? రాత్రి పెట్టి పడుకోండి. ఎన్‌కోడర్ ప్రీసెట్ స్లో, క్వాలిటీ కాన్‌స్టాంట్, ఆర్‌ఎఫ్ 18. ఈ ఆర్‌ఎఫ్ అంకె తగ్గితే నాణ్యతా సైజూ పెరుగుతాయి, పెరిగితే రెండూ తగ్గుతాయి, సుమారు ఆరు మెట్లకి సైజు సగమో రెట్టింపో అవుతుంది. పాత వీడియో సైజుకి 18 నుంచి 22 దాకా బావుంటుంది. ఫలానా బిట్‌రేటే, అంటే సెకనుకి ఇన్ని బిట్లే, కావాలని బిగించకండి, ఎందుకో చెప్తాను.

ఎన్‌కోడర్ లోపల ఏం చేస్తుంది

మీరు పంపే వీడియోలో అక్కడక్కడా ఒక్కో ఫ్రేముని మాత్రమే పూర్తి ఫోటోలా దాస్తుంది. దాన్ని ఐ-ఫ్రేమ్ అంటారు. ఆ తర్వాతవాటికి ‘ముందు ఫ్రేములో ఉన్న ఈ గడి ఇటు జరిగింది, ఇంత మారింది’ అని చీటీ రాసుకుంటుంది. ముందు ఫ్రేముని చూసి రాసేవి పీ-ఫ్రేములు, ముందూ వెనకా రెండిటినీ చూసి రాసేవి బీ-ఫ్రేములు. కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే ఉన్న విందు సీన్‌లో చీటీలు దాదాపు ఖాళీ. తలంబ్రాల్లో ఏ గింజ ఎటు పోయిందో ముందు ఫ్రేము చూసి ఊహించడం కుదరదు, ప్రతిదానికీ కొత్తగా రాయాలి. టేపు నాయిస్ కూడా అంతే, గింజల్లాగే ఎటుపడితే అటు. బిట్‌రేటు బిగించేస్తే విందుకి దండిగా మిగిలి తలంబ్రాలకి చాలవు. ఆర్‌ఎఫ్ పద్ధతిలో ఎన్‌కోడర్ ఎక్కడ అవసరమైతే అక్కడ ఖర్చుపెడుతుంది.

చీటీలో మిగిలిన తేడాని చిన్న గడులుగా కోసి, ఒక్కో గడిలో నెమ్మదిగా మారే వెలుతురెంత, గబగబా మారే గరుకెంత అని విడదీస్తుంది. ఈ విడదీతకి మూలమైన గణితం డీసీటీ (డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్). నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు కలిసి 1974లో ప్రచురించారు. అహ్మద్ పుట్టింది బెంగళూరులో. రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు, చదివింది చెన్నై గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో. మీ ఫోన్‌లో జేపీజీ ఫోటో దగ్గర్నుంచి ఈ పెళ్లి వీడియో దాకా అన్నీ ఆ గణితం మీదో దాని పిల్లల మీదో నడుస్తున్నాయి. విడదీశాక గరుకు అంకెల్ని దగ్గరలోని గుండ్రటి అంకెకి మార్చేస్తుంది, చిన్నవన్నీ సున్నాలైపోతాయి. సమాచారం నిజంగా పోయేది ఈ ఒక్క మెట్టు మీదే, మీ ఆర్‌ఎఫ్ అంకె పట్టుకుని ఆడించేది కూడా దీన్నే. పోయిన సున్నాలు మళ్లీ రావు. అందుకే ఎన్‌కోడ్ అయిన ఫైల్‌ని మళ్లీ ఎన్‌కోడ్ చేయడమంటే జిరాక్స్‌కి జిరాక్స్ తీయడమే.

శబ్దం సంగతి పెళ్లిలోనే చూపించొచ్చు. మంగళసూత్రం కట్టేటప్పుడు పంతులుగారు చెయ్యెత్తి గట్టిమేళం అంటారు. ఎవరో తుమ్మినా, ఏ అపశకునం మాటా వినపడకూడదని. ఏఏసీ, ఎంపీ3 ఎన్‌కోడర్లు పనిచేసేది సరిగ్గా ఈ సూత్రం మీదే: ఒక గట్టి శబ్దం మోగుతున్నప్పుడు దానికి దగ్గర శ్రుతిలో ఉన్న చిన్న శబ్దాన్ని చెవి పట్టించుకోదు, కాబట్టి ఆ తుమ్ముకి బిట్లు ఖర్చుపెట్టనక్కర్లేదు. ఆడియో ట్యాబ్‌లో ఏఏసీ, 160 కేబీపీఎస్ పెడితే చాలు. మామూలు పెళ్లి క్యాసెట్లలో శబ్దం మోనోనే, ఒక్క చెవిలోనే వస్తుంటే మిక్స్‌డౌన్‌ని మోనో లెఫ్ట్ ఓన్లీ అని మార్చండి.

మొత్తం పెట్టేముందు రేంజ్‌ని సెకన్లకి మార్చి, తలంబ్రాల దగ్గర ఓ రెండు నిమిషాలు మాత్రం ఎన్‌కోడ్ చేసి చూడండి. అక్కడ బాగుంటే అంతటా బాగుంటుంది. నాకు సగటున సెకనుకి 4 మెగాబిట్లు వచ్చింది, అంటే గంటకి 1.8 జీబీ. మొదటి లెక్కలో సెకనుకి 166 మెగాబిట్లు ఉన్న సిగ్నల్ నలభయ్యో వంతుకి దిగింది, గింజలు మాత్రం పోలేదు.

డీకోడింగ్: టీవీ ఎందుకు మొరాయిస్తుంది

హెచ్.264 లాంటి ప్రమాణాలు నిజానికి డీకోడర్ ఎలా విప్పాలో మాత్రమే నిర్ణయిస్తాయి. ఎన్‌కోడర్ ఎంత తెలివిగా రాస్తుందన్నది రాసేవాడి ఇష్టం. స్లో పెట్టినా ఫాస్ట్ పెట్టినా అదే టీవీ ఆడిస్తుంది, అందుకే స్లో పెట్టమన్నాను. డీకోడర్ అదే దారిలో వెనక్కి నడుస్తుంది: బిట్లు విప్పి, గడులు కట్టి, చీటీ ప్రకారం జరిపి, తేడా కలిపి ఫ్రేము చూపిస్తుంది. బీ-ఫ్రేముకి తర్వాత రావాల్సిన ఫ్రేము కూడా కావాలి కాబట్టి ఫైల్‌లో వరస వేరు, తెర మీద వరస వేరు. మీరు రిమోట్‌తో ముందుకి దూకినప్పుడు సెకనుపాటు తడబడేది, దగ్గర్లోని ఐ-ఫ్రేముకి వెళ్లి అక్కణ్నుంచి చీటీలన్నీ చదువుకుంటూ రావాలి కనుక.

ఇక పెన్‌డ్రైవ్ గుచ్చితే ‘ఈ ఫైల్ సపోర్ట్ చేయదు’ అని వస్తే, ముందు కంటైనర్, కోడెక్ వేరని గుర్తుపెట్టుకోండి. ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ ఇవి టిఫిన్ క్యారియర్లు. లోపల గిన్నెల్లో ఏముందన్నది కోడెక్. క్యారియర్ తెరుచుకుని బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే ఆడియో కోడెక్ పడలేదన్నట్టు, శబ్దం వచ్చి బొమ్మ రాకపోతే వీడియోది. వీఎల్‌సీలో ఫైల్ తెరిచి కంట్రోల్, జె నొక్కితే లోపల ఏముందో చెప్తుంది. బొమ్మ 8 బిట్ హెచ్.264, శబ్దం ఏఏసీ, క్యారియర్ ఎంపీ4 అయితే ఇప్పటి టీవీలూ ఫోన్లూ దాదాపు అన్నీ ఆడిస్తాయి. హెచ్.265 ఇంకా చిన్నగా కుదిస్తుంది గానీ, ఈ సైజు బొమ్మకి మిగిలేది కొద్దిపాటి జీబీలు, దానికోసం అమ్మ దగ్గరున్న పాత టీవీలో ఆడకపోతే చేసిందంతా ఎందుకు?

అన్నీ సరిగ్గానే ఉన్నా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కాకపోతే అది ఫ్యాట్32. అందులో ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు, మన మూడు గంటల పెళ్లి 5.4. ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేయండి. పాత టీవీ అది చదవకపోతే పెళ్లిని హ్యాండ్‌బ్రేక్‌లోనే రేంజ్ ఇచ్చి రెండు ముక్కలు చేయండి, కానీ మొదటి ఏవీఐ నుంచి చేయండి, ఎంపీ4 నుంచి కాదు.

ఫైల్ తయారయ్యాక మొదట్లో, మధ్యలో, చివర్లో ఎవరైనా మాట్లాడే చోటు చూసి పెదాలూ మాటా కలుస్తున్నాయో లేదో చూడండి. చివర్లో మాత్రమే తేడా ఉంటే పైన చెప్పిన గడియారాల గొడవ. యూట్యూబ్‌లో పెట్టాలనుకుంటే ప్రైవేట్‌గా పెట్టినా కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు, అప్పటి మిక్సింగ్ వాళ్లు అప్పగింతల మీద సినిమా పాట వేయకుండా ఒక్క క్యాసెట్టూ వదల్లేదు మరి. ఏవీఐ ఫైల్‌ని మాత్రం రెండు డిస్కుల్లో, రెండిళ్లలో ఉంచండి.

వాట్సాప్‌లో అక్కకి పంపేటప్పుడు వీడియోగా పంపకండి, అది తనకి నచ్చినట్టు మళ్లీ నొక్కేస్తుంది. 2 జీబీ లోపు ముక్క చేసి డాక్యుమెంట్‌గా పంపండి. నేను తలంబ్రాల ఆ రెండు నిమిషాలే ముందు పంపాను. పది నిమిషాలకి బావ ఫోన్ చేసి, తన పక్కన నిలబడి దోసిలి నింపుతున్న ఆ నీలం చొక్కా కుర్రాడెవరు, డీవీడీలో ఎప్పుడూ కనపడలేదే అన్నాడు. అది నేనే.